సూది గుచ్చినా పసిబిడ్డకి నొప్పి తెలియదంటున్నారు, నిజమేనా?

చిన్నోడి_అమ్మ:
మా బాబు ఎనిమిదో నెలలోనే పుట్టేశాడు. 33 వారాలు, 1,650 గ్రాములు. ఇవాళ్టికి 19 రోజులు, ఇంకా ఎన్ఐసీయూలోనే, అంటే పసిపిల్లల ఐసీయూలోనే ఉన్నాడు. ఊపిరి బాగానే తీసుకుంటున్నాడు. గొట్టంతో పాలు పట్టేవాళ్లు, మొన్నటి నుంచి ఉగ్గుగిన్నెతో కూడా కొంచెం కొంచెం పడుతున్నారు.

నా బాధ వేరే. షుగర్ చూడాలని, కామెర్లు చూడాలని రోజూ మడమ దగ్గర గుచ్చి రక్తం తీస్తున్నారు. నిన్న లోపలికి వెళ్లినప్పుడు సాక్సు తీసి చూశాను. మడమ మొత్తం కలిపి నా బొటనవేలి గోరంత ఉంది. దాని మీద ఎర్రవి, నల్లబడినవి చుక్కలు. లెక్కపెడితే పదకొండు. ఒకటి ఇంకా తడిగానే ఉంది. మళ్లీ సాక్సు తొడగడానికి నాకు చేతులు ఆడలేదు.

గుచ్చేటప్పుడు నన్ను బయటికి పంపేస్తారు. అద్దంలోంచి చూస్తే వాడి ముఖమంతా ముడుచుకుపోయి, నోరు చతురస్రంలా తెరుచుకుంటుంది. ఏడుపు మాత్రం వినపడదు. పక్కన ఉంటానని అడిగితే "ఇంత పసిగుడ్డుకి నొప్పి తెలియదమ్మా, చూస్తే మీరే కంగారు పడతారు" అన్నారు.

గురువారం కంటి పరీక్ష ఉందట. రెప్పలకి క్లిప్పు పెట్టి తెరిచి చూస్తారని పక్క బిడ్డ వాళ్ల అమ్మ చెప్పింది. అప్పటి నుంచి నాకు నిద్ర లేదు. నిజంగానే వాళ్లకి నొప్పి తెలియదా? తల్లిగా నేను చేయగలిగింది ఏమైనా ఉందా?

గుంటూరు_మిర్చి:
నొప్పి తెలియకపోతే ముఖం ఎందుకు ముడుచుకుంటుందక్కా? మా చిన్నదానికి బీసీజీ వేసినప్పుడు గుక్క పట్టి ఏడిస్తే ముగ్గురం కలిసి ఊదితే గానీ ఊపిరి తీసుకోలేదు. తెలియదని ఎవరన్నారో వాళ్లని ఒక్కసారి ఆ గదిలో నిలబెట్టాలి.

అమ్మమ్మ_కబుర్లు:
పదకొండు చుక్కలని చదివి కడుపు తరుక్కుపోయింది తల్లీ. మా రోజుల్లో బిడ్డ ఏడిస్తే తేనె చుక్క నాలిక మీద రాసేవాళ్లం, ఊరుకునేవాడు. డాక్టర్ని అడిగి చూడు.

ఎన్ఐసీయూ_సిస్టర్:
అమ్మమ్మగారూ, పెద్దవారు, ఏమీ అనుకోవద్దు. ఏడాది నిండేదాకా తేనె నాలిక మీద పెట్టకూడదు, చుక్కైనా సరే. అందులో ఉండే ఒక రకం బాక్టీరియా విత్తనాలు పసిబిడ్డ పేగుల్లో మొలిచి బొటులిజం అనే జబ్బు తెస్తాయి. కండరాలు చచ్చుబడి పోతాయి. నెలలు నిండని బిడ్డ విషయంలో అసలే వద్దు.

తీపి అనే ఆలోచన మాత్రం సరైనదే. దాని సంగతి డ్యూటీ దిగాక రాస్తాను.

చిన్నోడి_అమ్మ గారూ, నొప్పి తెలుస్తుంది. నేను 14 ఏళ్లుగా ఈ పనే చేస్తున్నాను. ఆ మాట ఎవరన్నా నమ్మకండి.

పిల్లల_డాక్టర్_వరంగల్:
సిస్టర్ చెప్పింది నిజం. ఆ పాత నమ్మకం ఎక్కడి నుంచి వచ్చిందో చెప్తాను, ఎందుకంటే ఒకప్పుడు మా డాక్టర్లే దాన్ని నమ్మారు.

1980ల దాకా, పేరున్న దేశాల్లో కూడా, నెలలు నిండని పిల్లలకి గుండె దగ్గర ఆపరేషన్ చేసేటప్పుడు కదలకుండా ఉండే మందు ఇచ్చేవారు, దాంతో పాటు మహా అయితే కొంచెం నైట్రస్ ఆక్సైడ్ అనే తేలికపాటి మత్తు వాయువు. నొప్పి తగ్గించే బలమైన మందు చాలాచోట్ల ఇచ్చేవారు కాదు. వీళ్ల నరాలు ఇంకా తయారు కాలేదు, నొప్పి తెలియదు, మత్తు ఇస్తే తట్టుకోలేరు అన్నది అప్పటి లెక్క.

దాన్ని ప్రశ్నించినవాళ్లలో ముఖ్యుడు మన దేశం మనిషే. కన్వల్‌జీత్ ఆనంద్, ఇండోర్‌లో ఎంబీబీఎస్ చదివి ఆక్స్‌ఫర్డ్ వెళ్లారు. ఆపరేషన్ థియేటర్ నుంచి తిరిగొచ్చిన పిల్లలు పాలిపోయి, బీపీ నిలవక, వెళ్లినప్పటికంటే అధ్వానంగా ఎందుకు వస్తున్నారని ఆయనకి అనుమానం వచ్చింది. కొందరికి ఫెంటనిల్ అనే బలమైన నొప్పి మందు కలిపి, కొందరికి కలపకుండా పోల్చి చూశారు. ఇచ్చిన పిల్లల్లో ఒత్తిడి హార్మోన్లు తక్కువ, ఆపరేషన్ తర్వాత ఇబ్బందులూ తక్కువ. 1987లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. అదే ఏడాది అమెరికా పిల్లల వైద్యుల సంఘం కూడా పసిపిల్లలకి ఆపరేషన్‌లో మత్తు, నొప్పి మందు ఇవ్వాల్సిందేనని ప్రకటించింది.

అంటే ఇదంతా నిన్నమొన్నటి మార్పే. ఆ కాలంలో చదువుకున్నవాళ్ల దగ్గర పని నేర్చుకున్నవాళ్లు ఇంకా వార్డుల్లో ఉన్నారు. ఆ మాట అలా నోటి నుంచి నోటికి వస్తోంది.

ఇంకొకటి. నెలలు నిండని బిడ్డకి నొప్పి తక్కువ కాదు, ఎక్కువ. నొప్పి కబురు పైకి మోసే నరాలు ముందే తయారవుతాయి. ఆ నొప్పిని అణిచే ఏర్పాటు, అంటే మెదడు నుంచి కిందికి దిగే దారులు, చాలా ఆలస్యంగా తయారవుతాయి. పెద్దవాళ్లకున్న బ్రేకు వాళ్లకి ఇంకా లేదు. పైగా ఒకసారి గుచ్చిన చోట ఆ తర్వాత మామూలుగా ముట్టుకున్నా ఉలిక్కిపడతారు. మీరు సాక్సు తొడిగేటప్పుడు కాలు వెనక్కి లాక్కున్నాడా?

చిన్నోడి_అమ్మ:
అవునండీ. లాక్కున్నాడు. నా చేయి చల్లగా ఉందేమో అనుకున్నాను.

సందేహాల_రావు:
నేను కాస్త వేరేగా మాట్లాడతాను, తిట్టుకోకండి. నొప్పి ఉంటుందనే అనుకుందాం. కానీ అరనిమిషం ఏడ్చి ఊరుకుంటాడు, రేపటికి గుర్తుండదు. షుగర్ చూడకపోతే ప్రాణానికే ముప్పు. సిస్టర్ ఒక్కరికి పది మంది పిల్లలు. గుచ్చిన ప్రతిసారీ తల్లిని పిలిచి, తీపి చుక్కలు వేసి, రెండు నిమిషాలు ఆగాలంటే అయ్యే పనేనా?

భూమి_నాన్న:
రావు గారూ, మీరు అరనిమిషం అన్నది ఒక్క గుచ్చుడికి. మా పాప 31 వారాలకి పుట్టింది. ఐవీ లైను దొరక్క ఒకరోజు చేతికి, తర్వాత కాలికి, చివరికి తల మీద పెట్టారు. ముక్కులో గొట్టం, దానికి అంటించిన ప్లాస్టర్ పీకడం, మళ్లీ అంటించడం, గొంతులో కఫం లాగడం. ఇవన్నీ లెక్కేయండి.

పిల్లల_డాక్టర్_వరంగల్:
ఆ లెక్క ఫ్రాన్స్‌లో వేశారు. పారిస్ చుట్టుపక్కల ఐసీయూల్లో 430 మంది పసిపిల్లల పక్కన కూర్చుని ప్రతి గుచ్చుడూ, ప్రతి పీకుడూ రాసుకున్నారు. 2008లో అచ్చయింది. మొదటి రెండు వారాల్లో నొప్పి పుట్టించే పనులు ఒక్కో బిడ్డకి రోజుకి సుమారు 10. వాటిలో దాదాపు 79 శాతానికి ముందుగా నొప్పి తగ్గించే ఏర్పాటు ఏదీ చేయలేదు. అన్ని వసతులూ ఉన్న చోట పరిస్థితి అది.

గుర్తుండదన్న మాటకి: మనం గుర్తుంచుకున్నట్టు వాళ్లు గుర్తుంచుకోరు, నిజమే. శరీరం మాత్రం గుర్తుంచుకుంటుంది. కెనడాలో 1997లో చూశారు. పుట్టిన రోజుల్లోనే మత్తు క్రీము లేకుండా సున్తీ చేసిన మగపిల్లలు, నాలుగు నుంచి ఆరు నెలల వయసులో టీకా వేస్తే, సున్తీ చేయని పిల్లల కంటే ఎక్కువ బాధ చూపించారు.

గుంటూరు_మిర్చి:
రోజుకి పదా! పెద్దవాడిని నేను, రక్తదానం క్యాంపులో ఒక్క సూదికి ముందు రోజు నుంచే టెన్షన్.

ఎన్ఐసీయూ_సిస్టర్:
డ్యూటీ దిగాను. ముందు రావు గారికి.

సిబ్బంది తక్కువ అన్నది ముమ్మాటికీ నిజం. నైట్ డ్యూటీలో నేనొక్కదాన్నే 12 మందిని చూసిన రోజులున్నాయి. మా జిల్లా ఆసుపత్రి ఎస్ఎన్‌సీయూలో, అంటే నవజాత శిశువుల ప్రత్యేక వార్డులో అంతే. అందుకే తల్లి పక్కన ఉండాలి అంటాను నేను. ఆమె పట్టుకుంటే నాకు రెండు చేతులూ ఖాళీ. బిడ్డ కాలు జాడించడు, ఒక్కసారికే రక్తం వస్తుంది, రెండోసారి గుచ్చే పని ఉండదు. టైము పెరగదు, తగ్గుతుంది.

చిన్నోడి_అమ్మ గారూ, మీ సిస్టర్ల మీద కోపం పెట్టుకోకండి. కొంతమంది తల్లులు సూది చూసి కళ్లు తిరిగి పడిపోతారు, అప్పుడు ఇద్దరు పేషెంట్లు అవుతారు. ఆ భయంతో బయటికి పంపేస్తారు. "నేను సూది వైపు చూడను, బాబు ముఖమే చూస్తాను" అని మెల్లగా చెప్పి చూడండి. చాలామంది ఒప్పుకుంటారు.

ఇక చేసే పద్ధతి. బాబుని పొత్తిగుడ్డలో చుట్టి, గుచ్చే కాలు మాత్రం బయటికి ఉంచుతాం. మీ చేతులు కడుక్కుని, వెచ్చగా రుద్దుకుని, ఒక అరచేయి తల మీద టోపీలా పెట్టండి. రెండో అరచేత్తో మోకాళ్లు ముడిచి పొట్ట దగ్గరికి దగ్గరగా పట్టుకోండి. కడుపులో ఉన్నప్పుడు ఎలా ముడుచుకుని ఉంటాడో అలా. నిమరకండి, తట్టకండి. ఇంత చిన్నవాళ్లకి నిమిరితే ఇంకా చిరాకు. కదలకుండా, బరువు వేయకుండా, అలా ఉంచితే చాలు. గుచ్చడం అయ్యాక వెంటనే తీసేయకండి, ఊపిరి నెమ్మదించేదాకా ఉంచండి.

గుచ్చడానికి రెండు నిమిషాల ముందు నాలిక మీద తీపి చుక్కలు. విదేశాల్లో 24 శాతం పంచదార ద్రావణం వాడతారు. మన దగ్గర ప్రతి వార్డులో ఉండే 25 శాతం డెక్స్‌ట్రోస్, అంటే గ్లూకోజ్ ద్రావణం వాడతాం. బిడ్డ బరువును బట్టి చుక్కలు డాక్టర్ చెప్తారు, మీరు ఇంటి నుంచి పంచదార నీళ్లు కలిపి తీసుకెళ్లొద్దు. అదీ వద్దంటే మీ పాలే పిండి రెండు చుక్కలు. తర్వాత శుభ్రమైన వేలు గానీ పాలపీక గానీ చీకనిస్తే తీపి ఒక్కటే ఇచ్చిన దానికంటే బాగా ఊరుకుంటారు.

గుచ్చేవాళ్ల వైపు నుంచి: మడమ మధ్యలో కాదు, పక్క అంచున గుచ్చాలి. చేత్తో పొడిచే సూది కంటే స్ప్రింగ్ లాన్సెట్, అంటే నొక్కితే తనే గుచ్చే చిన్న పరికరం మంచిది. అన్నిటికంటే నొప్పి గుచ్చడం కాదు, రక్తం రాలేదని మడమ పిండడం. ఎక్కువ రక్తం కావాలంటే మడమ వదిలేసి రక్తనాళం నుంచి తీయడమే బిడ్డకి సుఖం. ఇంకా ముఖ్యం, పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి కాకుండా కుదిరితే ఒక్క గుచ్చుడుతో అన్నీ పంపడం. ఇది మీరు డాక్టర్ని అడగొచ్చు: "ఈ పరీక్ష ఇవాళ తప్పనిసరా, రేపటి దానితో కలపొచ్చా?" అడగడం మీ హక్కు.

డల్లాస్_తెలుగు:
సిస్టర్ గారి పోస్టుకి ఒక ఉదాహరణ. మా బాబు ఇక్కడే పుట్టాడు, నెలలు నిండాకే. రెండో రోజు మడమ రక్తం తీయడానికి వచ్చిన నర్సు ముందు మా ఆవిడని అడిగింది, "ఇప్పుడు పాలిస్తారా?" అని. వాడు పాలు తాగుతుండగానే గుచ్చింది. ఒక్క క్షణం ఆగి, కనుబొమలు ముడిచి, మళ్లీ తాగడం మొదలుపెట్టాడు. ఫోన్లో మా అమ్మకి చెప్తే నమ్మలేదు.

అమ్మమ్మ_కబుర్లు:
ఎందుకు నమ్మను బాబూ, రొమ్ము నోట్లో ఉంటే బిడ్డకి లోకంతో పనిలేదు. తేనె సంగతి తెలియక చెప్పాను, సిస్టరమ్మ చెప్పింది కాబట్టి మా కోడలికి కూడా చెప్తాను. పొత్తిళ్లలో చుట్టడం మాత్రం మేము చేసిందే. ఇప్పుడు దానికి ఏదో పేరు పెట్టారని మనవరాలు చెప్పింది.

సందేహాల_రావు:
సిస్టర్ గారి మాట ఒప్పుకుంటున్నాను, తల్లి పట్టుకుంటే పని తేలిక అన్నది నాకు తట్టలేదు.

కానీ తీపి మీద నాకింకా అనుమానమే. మా బావ మందుల కంపెనీలో పని చేస్తాడు. పంచదార నీళ్లు బిడ్డ ముఖాన్ని ప్రశాంతంగా చేస్తాయి తప్ప మెదడులో నొప్పి తగ్గదని చదివానన్నాడు. అంటే నోరు మూయించడమేగా?

పిల్లల_డాక్టర్_వరంగల్:
మీ బావగారు చెప్పింది ఉన్నదే. 2010లో లాన్సెట్‌లో వచ్చింది. తీపి ఇచ్చిన పిల్లల ముఖంలో బాధ తగ్గింది గానీ, తల మీద పెట్టిన తీగల్లో మెదడు నొప్పి సంకేతం తగ్గలేదని తేలింది. మా రంగంలో దీని మీద ఇప్పటికీ వాదన ఉంది. ఏడుపు తగ్గడం, గుండె వేగం తగ్గడం కూడా బిడ్డకి మేలే అంటారు ఒక వైపు. మేము అది ఇచ్చి చేతులు దులుపుకోకూడదు అంటారు ఇంకో వైపు. నేను రెండో వైపు. చిన్న పనికి తీపి చుక్కలు సరే. రోజుకి పది గుచ్చుళ్లకి పదిసార్లు తీపి ఇచ్చి నొప్పి సమస్య తీరిందనుకోకూడదు. మొదట చేయాల్సింది అనవసరమైన గుచ్చుళ్లు మానేయడం. ఆ తర్వాత తల్లి రొమ్ము, తల్లి ఒళ్లు. అవి దొరకనప్పుడు తీపి.

మెదడు మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. 2015లో ఆక్స్‌ఫర్డ్ వాళ్లు వారం కూడా నిండని పది మంది పిల్లలని నిద్రలో ఉండగా స్కాన్‌లో పెట్టి, అరికాలి మీద పెన్సిల్ మొనతో పొడిచినట్టు మెల్లగా తాకారు. నొప్పి కలిగితే పెద్దవాళ్ల మెదడులో స్పందించే 20 భాగాల్లో 18 వాళ్లలోనూ స్పందించాయి. అది కూడా పెద్దవాళ్లకి వాడిన ఒత్తిడిలో పావు వంతుకే.

ట్విన్స్_తల్లి_నెల్లూరు:
డాక్టర్ గారూ, పారాసిటమాల్ చుక్కలు ముందే వేస్తే? లేదా తిమ్మిరి క్రీము? మా కజిన్ వాళ్ల అబ్బాయికి కుట్లు వేసే ముందు రాశారు.

పిల్లల_డాక్టర్_వరంగల్:
మడమ గుచ్చుడికి పారాసిటమాల్ పనిచేయదు, పరీక్షించి చూశారు. టీకా ముందు కూడా వద్దు, జ్వరం వస్తే అప్పుడు. తిమ్మిరి క్రీము మడమ మీద ఫలితం ఇవ్వలేదు. నెలలు నిండని పిల్లల్లో ఆ మందు ఎక్కువైతే రక్తం ఆక్సిజన్ మోసే శక్తి తగ్గుతుంది. కాబట్టి ఇంట్లో సొంతంగా ఎవరూ రాయొద్దు. వెన్ను నీరు తీసేటప్పుడు లాంటి వాటికి డాక్టర్ చూసి వాడతారు.

పెద్ద పనులకి, అంటే వెంటిలేటర్ గొట్టం వేయడం, ఆపరేషన్, ఛాతీలో ట్యూబు, వీటికి ఒడిలో పట్టుకోవడం చాలదు. అక్కడ నిజమైన నొప్పి మందులు ఇవ్వాల్సిందే. ప్రాణం మీదికొచ్చిన క్షణంలో తప్ప.

భూమి_నాన్న:
నేను కంగారూ పద్ధతి గురించి రాయాలి, ఎవరూ రాయలేదు.

మా ఆవిడకి బీపీ పెరిగి ఆపరేషన్ చేశారు. ఐదు రోజులు ఆమె వేరే వార్డులో ఉంది. సిస్టర్ నన్ను పిలిచి "ముందు గుండీలున్న చొక్కా వేసుకుని స్నానం చేసి రండి, సెంటు కొట్టుకోకండి" అన్నారు. కుర్చీలో వెనక్కి వాల్చి కూర్చోబెట్టి, డైపరూ టోపీ తప్ప ఏమీ లేని పాపని నా ఛాతీ మీద నిలువుగా పడుకోబెట్టి, చొక్కా, దాని మీద దుప్పటి కప్పారు. 1,380 గ్రాములు. మొదటి పది నిమిషాలు ఊపిరి బిగబట్టి కూర్చున్నాను, నేను కదిలితే ఏమవుతుందోనని.

ఇప్పుడు అసలు విషయం. మూడో రోజు నా ఛాతీ మీద ఉండగానే షుగర్ చూడాల్సి వచ్చింది. సిస్టర్ దుప్పటి కొంచెం పైకెత్తి కాలు బయటికి తీసింది. అంతకుముందు రోజు ఇంక్యుబేటర్ డబ్బాలో ఉండగా గుచ్చినప్పుడు మానిటర్‌లో గుండె 150 నుంచి 190 దాటడం నేను చూశాను. ఈసారి 168 దాకా వెళ్లి, నేను పది లెక్కపెట్టేలోపు మళ్లీ 150కి దిగింది. పాప నా చర్మాన్ని గోళ్లతో పట్టుకుంది. ఆ గోళ్లు ఎంత మెత్తగా ఉన్నాయో ఇప్పటికీ గుర్తు.

పాపకి ఇప్పుడు నాలుగేళ్లు.

గుంటూరు_మిర్చి:
భూమి నాన్నగారూ, ఆఫీసులో కూర్చుని చదివాను. కళ్లు తుడుచుకుంటుంటే పక్కసీటాయన ఏమైందని అడిగాడు, ఫోన్ ఆయనకి ఇచ్చాను. ఆయన ఇంకా చదువుతున్నాడు, ఫోన్ తిరిగి ఇవ్వలేదు.

ఎన్ఐసీయూ_సిస్టర్:
ఈ పద్ధతి పుట్టిందే లేమిలో. 1978లో కొలంబియా దేశం బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక, ఒక్కోదాంట్లో ఇద్దరు ముగ్గురిని పెట్టాల్సి వస్తే, ఎడ్గర్ రే సనాబ్రియా అనే డాక్టర్ తల్లుల ఛాతీకే కట్టించారు. 2021లో మన ఢిల్లీతో పాటు నాలుగు ఆఫ్రికా దేశాల్లో చేసిన అధ్యయనంలో, పుట్టగానే మొదలుపెట్టిన తక్కువ బరువు పిల్లల్లో మరణాలు నాలుగో వంతు తగ్గాయి. కిలో నుంచి కిలో ఎనిమిది వందల లోపు పిల్లలు. చిన్నోడి_అమ్మ గారూ, మీ వాడు ఆ బరువులోనే ఉన్నాడు. మీరు ఇప్పటిదాకా కంగారూ మొదలుపెట్టలేదా?

చిన్నోడి_అమ్మ:
లేదండీ. రోజుకి రెండుసార్లు పావుగంట లోపలికి పంపుతారు, అంతే. అడగొచ్చని కూడా తెలియదు.

ఎన్ఐసీయూ_సిస్టర్:
రేపే అడగండి. కేంద్ర ప్రభుత్వమే 2017లో నవజాత శిశు యూనిట్లలో తల్లిదండ్రులని లోపలికి రానిచ్చి, పని నేర్పి, బిడ్డ సంరక్షణలో కలుపుకోవాలని మార్గదర్శకాలు ఇచ్చింది. ఢిల్లీ రామ్ మనోహర్ లోహియా ఆసుపత్రిలో ముందు చేసి చూసి ఇచ్చినవి. మీది ప్రైవేటు అయినా ఆ మాట చెప్పండి. గొడవగా కాదు, నేర్పండి అని అడగండి.

ఇంకో చిన్న పని. శుభ్రమైన నూలు గుడ్డ ముక్క ఒకటి రాత్రంతా మీ జాకెట్ లోపల పెట్టుకుని, పొద్దున సిస్టర్‌కిచ్చి బాబు పక్కన పెట్టమనండి. మీరు లేనప్పుడు మీ వాసన ఉంటుంది.

ఏఎన్ఎం_పార్వతీపురం:
ఆసుపత్రి సంగతి మీరంతా చెప్పారు. ఇంటికెళ్లాక టీకాల సంగతి నేను చెప్తాను. బుధ, శనివారాల్లో మా దగ్గర పిల్లల కేకలతో సెంటర్ హోరెత్తిపోతుంది. నాలుగైదేళ్ల క్రితం దాకా మేమూ బిడ్డని బల్ల మీద పడుకోబెట్టి తల్లిని కాళ్లు నొక్కిపట్టమనేవాళ్లం. ఇప్పుడు నేనలా చేయను. తల్లి కూర్చుని ఒళ్లో పెట్టుకుని ముందుగానే పాలు పట్టడం మొదలుపెట్టాలి. నోటి చుక్కలు ముందు, సూదులు తర్వాత. ఎక్కువ మంట పెట్టేది చివర. సూది పెట్టాక రక్తం వస్తుందేమోనని వెనక్కి లాగి చూడక్కర్లేదు, అలా లాగితే నొప్పి ఎక్కువ. ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే చెప్పింది. పాలు తాగుతుంటే సూది వేస్తే గొంతులో అడ్డం పడుతుందని అత్తలు భయపడతారు. ఇన్నేళ్లలో నాకు ఒక్కసారి కూడా జరగలేదు.

ఒక మాట మనసులో ఉంచుకోలేక రాస్తున్నాను. కడుపు ఉబ్బిందనీ, పచ్చకామెర్లనీ, పసిబిడ్డ పొట్ట మీద కాల్చిన ఇనుముతో చురకలు పెట్టడం కొన్ని ఊళ్లలో ఇంకా ఉంది. పోయిన సంవత్సరం 12 రోజుల బిడ్డని చూశాను. బొడ్డు చుట్టూ నాలుగు. ఆ బిడ్డ ఏడవడం కూడా మానేసి పడుకుని ఉంది. ఏడవని బిడ్డని చూసి బాధ లేదనుకోవద్దు. ఇది చదివేవాళ్లలో ఎవరి ఇంట్లోనైనా పెద్దవాళ్లు ఆ మాటెత్తితే దయచేసి ఆపండి.

పిల్లల_డాక్టర్_వరంగల్:
ఆ చివరి మాట చాలా ముఖ్యం. బాగా నీరసించిన బిడ్డ, నెలలు తక్కువ బిడ్డ ఏడవలేడు. అందుకే మేము నొప్పి కొలిచేటప్పుడు ఏడుపు ఒక్కటే చూడం. కనుబొమలు ఉబ్బి దగ్గరికి రావడం, కళ్లు గట్టిగా మూసుకోవడం, ముక్కు పక్క గీత లోతుగా పడటం, దాంతో పాటు గుండె వేగం, ఆక్సిజన్ చూసి మార్కులు వేస్తాం. అద్దంలోంచి ఏడుపు వినపడకపోయినా ఆ తల్లి చూసింది సరిగ్గా అదే.

గురువారం కంటి పరీక్ష గురించి. అది మాత్రం వాయిదా వేయించకండి. 2 కిలోల కంటే తక్కువ బరువుతో గానీ 34 వారాల లోపు గానీ పుట్టిన ప్రతి బిడ్డకీ 30 రోజుల లోపు చూడాలి. కంటి వెనక పొరలో రక్తనాళాలు తప్పుగా పెరుగుతుంటే ఆ రోజుల్లోనే పట్టుకోవాలి, లేకపోతే చూపే పోవచ్చు. ఇబ్బందిగానే ఉంటుంది, దాచను. తిమ్మిరి చుక్కలు వేసే చేస్తారు, వేస్తున్నారా అని అడగండి. పాలు గంట ముందే పట్టేసి ఉంచాలి, వాంతి కాకుండా. గుడ్డలో చుట్టి, తీపి చుక్కలు, చీకడానికి వేలు. కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేస్తారు కాబట్టి తర్వాత చాలాసేపు వెలుతురు చూడలేడు, ముఖం మీద నీడ పడేలా ఛాతీ మీద పడుకోబెట్టుకోండి.

ట్విన్స్_తల్లి_నెల్లూరు:
మరి చెవులు కుట్టించడం? మా అత్తగారు 21వ రోజే అంటున్నారు, ఇద్దరికీ. కంసాలి ఇంటికొస్తాడట.

అమ్మమ్మ_కబుర్లు:
ఇంత చదివాక నేనైతే తొందరపడను తల్లీ. చెవులు ఎక్కడికీ పోవు. మా ఇంట్లో పుట్టువెంట్రుకలప్పుడు కుట్టించాం, ఏడాది దాటాక.

పిల్లల_డాక్టర్_వరంగల్:
అమ్మమ్మగారి మాటే నాదీ. కనీసం మొదటి విడత టీకాలు పూర్తయ్యాక, శుభ్రమైన చోట. కుట్టించే నాడు పాలు పట్టుకుంటూ.

చిన్నోడి_అమ్మ:
అందరికీ చెప్పాలి కదా అని వచ్చాను. శుక్రవారం రాత్రి ఇది.

మంగళవారం పొద్దున సిస్టర్ గారి మాటలే అచ్చంగా చెప్పాను, సూది వైపు చూడను, బాబునే చూస్తాను అని. ఆ సిస్టర్ కాసేపు నన్ను చూసి, చేతులు కడుక్కోమన్నారు. ఒక చేయి తల మీద, ఒకటి మోకాళ్ల మీద. వాడి తల మొత్తం నా అరచేతిలో పట్టేసింది. గుచ్చినప్పుడు ముఖం ముడుచుకున్నాడు. అరచేయి కింద మాడు దగ్గర టకటకమని కొట్టుకోవడం తెలుస్తోంది. తర్వాత అది నెమ్మదిగా తగ్గడం కూడా తెలిసింది. ఒక్కసారికే రక్తం వచ్చింది. బుధవారం నుంచి రోజుకి ఒక్క గుచ్చుడే, అన్నీ కలిపి. డాక్టర్ గారు అడగగానే ఒప్పుకున్నారు, ఇన్నాళ్లూ నేనే అడగలేదు.

కంటి పరీక్షలో నేను తల దగ్గర నిలబడ్డాను. ఏడ్చాడు. మొదటిసారి వాడి ఏడుపు గట్టిగా విన్నాను. ఒక్కో కంటికి నిమిషం పట్టలేదు. నాళాలు ఇంకా పెరుగుతున్నాయి, జబ్బు లక్షణాలు లేవు, రెండు వారాల తర్వాత మళ్లీ చూస్తామన్నారు. అయిపోగానే ఛాతీ మీద వేశారు. జాకెట్ తడిసేదాకా చొంగ కారుస్తూ నిద్రపోయాడు. రెండు గంటలు కదల్లేదు, నేనూ కదల్లేదు.

అమ్మమ్మ_కబుర్లు:
చల్లగా ఉండు తల్లీ. పేరేం పెట్టారు?

చిన్నోడి_అమ్మ:
ఇంకా లేదు అమ్మమ్మా. 21వ రోజు అక్కడే గడిచిపోయింది. ఇంటికొచ్చాకే బారసాల.

సందేహాల_రావు:
మా చెల్లెలికి వచ్చే నెల పురుడు. ఈ చర్చ మొత్తం బావకి పంపాను. నేను వెనక్కి తీసుకోవాల్సిన మాట ఒకటుంది, అరనిమిషం అన్నది.

కొత్తగా_చేరాను_నిజామాబాద్:
ఇవాళే ఈ చర్చ కంటబడింది. మా పాప నిన్న పుట్టింది, 34 వారాలు. రేపు రక్తం తీస్తారట, లోపలికి రావచ్చన్నారు. ఏం తీసుకెళ్లాలి?

చిన్నోడి_అమ్మ:
ఏమీ తీసుకెళ్లకండి. గాజులు, ఉంగరం తీసేయండి, గోళ్లు కత్తిరించుకోండి. మోచేతి దాకా సబ్బుతో కడుక్కుని, చేతులు వెచ్చబడేదాకా రుద్దుకోండి. నన్ను మొదటి రోజు గాజుల కోసమే వెనక్కి పంపారు. మట్టి గాజులు, రావడం లేదు, సింకు దగ్గర సబ్బు రాసి తీసుకోవాల్సి వచ్చింది. మీరు ఇవాళ రాత్రే తీసి పెట్టుకోండి.